కాకినాడ చేరిన హాల్డేన్

1964వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమునందు కన్నుమూసిన ఒక పండితుని దేహము శ్మశానమునకు పోలేదు. ఆయన మరణశాసనము ననుసరించి అది కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. ఆ పండితుడు జె. బి. ఎస్. హాల్డేన్. టెల్కో కాలనీ నుండి స్వస్థలములకు పోవు తెలుగువారు ఒడిశాను దాటియే పోవలెను గదా! భువనేశ్వరము మీదుగా ప్రయాణించువారికి ఈ వృత్తాంతము జ్ఞప్తికి రాదగినది.

హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డునందు జన్మించెను. తండ్రి ప్రసిద్ధ శరీరధర్మశాస్త్రజ్ఞుడు. కుమారుడు పట్టము పొందినది మాత్రము గ్రీకు, లాటిను సాహిత్యములలోను, తత్త్వశాస్త్రములోను. విజ్ఞానశాస్త్రమున ఆయనకు పట్టమే లేదు! అయినను, డార్విను పరిణామవాదమును మెండెలు వంశపారంపర్య సూత్రములతో గణితము ద్వారా సంధించిన ముగ్గురు మహనీయులలో ఆయన యొకడు.

ఆయన తత్త్వము సూక్ష్మమైనది. ప్రయోగశాలలో అడుగిడునపుడు ఏ దేవతయు, ఏ పిశాచమును తన ప్రయోగములో జోక్యము చేసికొనదని శాస్త్రజ్ఞుడు భావించును. బయటకు వచ్చిన పిమ్మట ఆ భావమును విడనాడుట నిజాయితీ కాదని ఆయన వాదము. పరిణామవాదమును ఏది కూలద్రోయగలదని అడుగగా, ప్రీకేంబ్రియన్ శిలలలో కుందేలు శిలాజము దొరికినచో చాలునని ఆయన బదులిచ్చెనని ప్రసిద్ధి. ఆ శిలలు సుమారు 54 కోట్ల ఏండ్లకు పూర్వపువి. కుందేళ్ళు పుట్టినది ఎంతో తరువాత. తప్పని తేలుటకు తావులేని సిద్ధాంతము శాస్త్రము కాదని కార్ల్ పాపర్ 1934లో గ్రంథస్థము చేసిన విషయమునే ఈ చమత్కారము ఒక్క జంతువుతో తేల్చివేసినది.

పరీక్షకు ముందుగా ఆయన తన శరీరమునే ఒడ్డెడివాడు. 1939లో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినపుడు, కారణము తెలిసికొనుటకై మూసిన గదిలో తానే కూర్చుండి చెడుగాలిని పీల్చెను.

అట్టివాడును ఒకచోట తడబడెను. 1948లో సోవియట్ దేశమున లైసెంకో ప్రాబల్యముచే జన్యుశాస్త్రము బహిష్కృతమైనది. హాల్డేనును 1928లో ఆ దేశమునకు ఆహ్వానించిన వావిలోవ్ అప్పటికే, 1943లో, చెరసాలలో మరణించి యుండెను. కమ్యూనిస్టు పక్షమున నున్న హాల్డేన్ వెంటనే గట్టిగా ఖండింపలేదు. 1950 ప్రాంతమున మెల్లగా పక్షమునకు దూరమయ్యెను. సాక్ష్యము కోరువాడు తనవారి విషయమున ఆ కొలబద్దను ప్రక్కన పెట్టుట పెద్ద లోపమే. దీనిని దాచి ఆయనను పొగడుట ఆయన పద్ధతికే విరుద్ధము.

1957లో ఆయన మహలనోబిస్ పిలుపుపై కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చి, 1961లో భారత పౌరుడయ్యెను. ఖరీదైన యంత్రములు లేకున్నను కన్నులు, ఓపిక, లెక్క ఉన్నచో పరిశోధన సాగునని ఇక్కడి యువకులకు బోధించెను. పిఠాపురమున 1937లో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడయ్యెను. ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు లాంటానా పూవుపై వ్రాలునో లెక్కించుట ఈ శిష్యుని తొలి పరిశోధనలలో నొకటి. పిదప మీరాఖానుతో కలిసి ఆంధ్రదేశపు మేనరికములను, మేనమామ-మేనకోడలి వివాహములను, వాని ఫలితములను పరిశీలించి 1963లో ప్రకటించెను. మన ఇండ్లలో పెద్దలు ముచ్చటించుకొను సంబంధముల మాటలు శాస్త్రపత్రికల కెక్కుట ఆనాటికి వింతయే.

1962లో హాల్డేన్ భువనేశ్వరమున జన్యుశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పెను. రెండేండ్లకే కర్కటవ్యాధి ఆయనను బలిగొన్నది. బ్రతికియుండగా తన దేహము పరిశోధనకును, బోధనకును ఉపయోగపడినదనియు, మరణానంతరము తాను ఉన్నను లేకున్నను దానితో తనకు పనిలేదనియు, ఇతరులకు పనికిరావలెననియు ఆయన మరణశాసనమున వ్రాసెను. రంగరాయ కళాశాల స్థాపితమై అప్పటికి ఆరేండ్లే. దేహమును చెడకుండ శీతలీకరించుటకు అగు వ్యయము తన ఆస్తినుండి అన్నిటికన్న ముందుగా చెల్లింపవలెనని కూడ అందులో నున్నది.