ముక్కులో మొదలయ్యే జబ్బు, కొట్టేసిన ఒక పేరు

ముక్కు దిబ్బడ, లోపల పెచ్చులు కట్టడం, అప్పుడప్పుడు రక్తం. చెవిలో నీరు చేరి సరిగ్గా వినపడకపోవడం. ఇవి ఉంటే మనం ఏమనుకుంటాం? సైనస్ అంటాం. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ ఎక్కడో అరుదుగా ఒకరికి అది సైనస్ కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడి సొంత రక్తనాళాల మీద దాడి చేస్తుంటుంది. నాళాలు వాచి రక్తం అందక, ముక్కు మధ్యలోని మెత్తటి ఎముక కరిగిపోతుంది. ముక్కు గుర్రం జీనులా కుంగిపోతుంది. తర్వాత ఊపిరితిత్తులు, కిడ్నీలు. ఈరోజు ఈ జబ్బు పేరు వెనకున్న కథ చెప్తాను. నేను డాక్టర్ని కాదు, చరిత్ర చెప్పేవాణ్ణి, అది గుర్తుపెట్టుకోండి.

1897లో స్కాట్లాండ్ డాక్టర్ పీటర్ మెక్‌బ్రైడ్ ముక్కు, ముఖం వేగంగా తినేసుకుపోయిన ఒక రోగి గురించి రాశాడు. 1931లో జర్మనీలో హైంజ్ క్లింగర్ ఇలాంటి కేసునే వివరించాడు. 1936, 1939లలో ఫ్రెడరిక్ వెగెనర్ అనే పాథాలజిస్టు, ముగ్గురు రోగుల శవపరీక్షల ఆధారంగా ఇది వేరే జబ్బు అని విడదీసి చూపించాడు. అలా ‘వెగెనర్స్ గ్రాన్యులోమటోసిస్’ అనే పేరు స్థిరపడింది. ముందు చూసిన క్లింగర్ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు, పాపం.

అప్పట్లో ఇది వస్తే దాదాపు చావే. 1958లో వాల్టన్ అనే డాక్టర్ లెక్క తీస్తే, సగటున రోగి బతికింది 5 నెలలు. ఏడాదిలోపే 82 శాతం మంది పోయారు.

దాన్ని మార్చినవాళ్లలో ఒకాయన మీకు తెలుసు. కోవిడ్ రోజుల్లో రోజూ టీవీలో కనిపించిన ఆంథోనీ ఫౌచీ! అమెరికాలోని ఎన్‌ఐహెచ్‌లో ఆయన, షెల్డన్ వుల్ఫ్ కలిసి క్యాన్సర్ మందు సైక్లోఫాస్ఫమైడ్‌ని స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చారు. 1983లో వాళ్లు ప్రకటించిన 85 మంది రోగుల్లో 93 శాతం మందికి జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చింది. ఆ మందుకి సైడ్ ఎఫెక్టులు తక్కువేం కాదు, కానీ మనుషులు బతికారు. 1985లో ఏఎన్‌సీఏ అనే యాంటీబాడీకి, ఈ జబ్బుకి సంబంధం దొరికింది. దాంతో రక్తపరీక్షతో కూడా అనుమానాన్ని బలపరుచుకోగలిగారు.

మరి వెగెనర్? ఆయన 1990లో గౌరవంగానే పోయారు. ముందు ఏడాదే అమెరికా ఛాతీ వైద్యుల సంఘం అవార్డు కూడా ఇచ్చింది. తర్వాత ఎరిక్ మాటెసన్, అలెగ్జాండర్ వోయ్‌వోట్ అనే ఇద్దరు డాక్టర్లు పాత కాగితాలు తిరగేశారు. ఆయన నాజీ పార్టీ సభ్యుడని, యుద్ధకాలంలో జర్మనీ ఆక్రమించిన పోలండ్‌లో, వుడ్జ్ నగరంలో, యూదుల్ని బంధించిన ఘెట్టోకి దగ్గర్లోనే పనిచేశాడని 2006లో రాశారు. స్వయంగా ఫలానా నేరం చేశాడనడానికి రుజువు దొరకలేదు. అయినా అవార్డు వెనక్కి తీసుకున్నారు.

నా మట్టుకు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. జబ్బుకి మనిషి పేరు పెట్టడమంటే సన్మానం చేయడమే కదా. 2011లో వైద్య సంఘాలు కొత్త పేరు ప్రకటించాయి: గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్, పొట్టిగా జీపీఏ. అలవాటు పడేదాకా పాత పేరుని బ్రాకెట్లో పెట్టుకోమన్నారు. అందుకే ఇప్పటికీ కొన్ని రిపోర్టుల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. జబ్బు మాత్రం ఒక్కటే.