పలకకు ముందు పలక: పశ్చిమ ప్రకాశంలో పిల్లల చేతిరాత

మార్కాపురం పలకరాయి చరిత్రను పిల్లల చేతిరాతతో కలిపి పరిశీలించవలసి ఉంది. ‘ఫలకం’ నుంచి వచ్చిన ‘పలక’కు మూలార్థం చెక్కబల్ల, అంటే ఆ పేరు రాతికంటె పాతది. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ సమర్పించిన విద్యా నివేదిక ఈ పూర్వదశను వర్ణించింది. (మార్కాపురం ప్రాంతమూ అప్పట్లో దత్తమండలాల్లోదే.) బాలుడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు, చేయి తిరిగాకే బలపం పట్టేవాడు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్కకు అన్నం, బొగ్గుపొడి పూసేవారు. గంజిపెట్టి మడిచిన గుడ్డకు బొగ్గు, జిగుర్లు పట్టిస్తే అది ‘కడత’. రెండింటినీ తడిగుడ్డతో తుడవవచ్చు.

పొరలుగా చీలే కంభం శ్రేణి నల్లరాయి తరువాత ఆ చెక్క చోటుతోపాటు పేరునూ తీసుకొంది. యర్రగొండపాలెం పిల్లలకు అది పొరుగూరి రాయి. రాసే తలం మారింది గాని దిద్దుడు మారలేదు. తెలుగు అక్షరమంతా వంపులే. ఒకే గీతపై పదేపదే చేయి తిప్పితేగాని తలకట్టు కుదరదు. తప్పును తుడిచే వీలు అందుకే అవసరమైంది. పరిశోధకునికి చిక్కూ అక్కడే: గంటపు రాతలు తాటాకులపై నిలిచాయి, పిల్లల రాతలు తడిగుడ్డతో పోయాయి. నేడు ఆ రాయి ఎక్కువగా ఇళ్ళ గోడలకూ నేలకూ పరుపుబండగా వెళుతోంది.