కామాఠీపుర తెలుగులో బంగాళాదుంప: పేర్లు, పొయ్యిలు

బంగాళాదుంపను మీ ఇంట్లో ఏమంటారని తరగతిలో అడిగితే మన విద్యార్థులు ఒక్క జవాబు చెప్పరు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు బంగాళాదుంప అంటారు. తెలంగాణ మూలాలున్నవారు ఆలుగడ్డ అంటారు. రాయలసీమవారు ఉర్లగడ్డ అంటారు. కామాఠీపురలోనో, వర్లీ చాళ్లలోనో, ధారావిలోనో పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం కొంచెం తడబడి, "బటాటా అంటాం సార్, కాని అది తెలుగు కాదు కదా" అంటారు. ఆ తడబాటు మమ్మల్ని చాలాకాలంగా బాధిస్తున్నది. తల్లి దగ్గర నేర్చిన మాటకు క్షమాపణ చెప్పుకోవలసిన అవసరం ఆ పిల్లలకు ఉన్నదా అనేది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇటీవల చాళ్లలోకి వచ్చిన ఎయిర్ ఫ్రయర్ అనే యంత్రం అనుకోని సాక్ష్యం పలికింది. కనుక దాని ప్రసక్తి కూడా చేస్తాము.

ముందు పేర్ల సంగతి. ఈ దుంప పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమ. అక్కడివారు దీన్ని వేల ఏళ్ల నుంచి సాగు చేస్తున్నారు. పదార్థమే మనది కానప్పుడు పేరు మనది ఎలా అవుతుంది? పై మూడు పేర్లలోనూ రెండో భాగమైన దుంప, గడ్డ అన్నవి తెలుగు. మొదటి భాగం దారిలో తగిలినది. ఆంగ్లేయుల పాలనలో వంగదేశాన సాగు విస్తరించి, అక్కడి నుంచి కోస్తాకు దిగుమతి అయినందువల్ల బంగాళాదుంప అయింది. సంస్కృతంలో తినదగిన దుంపకు పేరైన ఆలు శబ్దం ఉత్తరాది భాషల్లో ఈ కొత్త దుంపకు స్థిరపడి, నిజాం రాజ్యంలో ఉర్దూ మీదుగా తెలుగులో చేరి ఆలుగడ్డ అయింది. అంటే అర్థం చూస్తే అది 'దుంపదుంప'. తమిళులు గుండ్రంగా దొర్లేది అనే అర్థంలో ఉరుళైక్కిళంగు అన్నారు. దానిలో సగం తీసుకుని, మిగతా సగానికి మన గడ్డను అతికించి రాయలసీమ ఉర్లగడ్డ చేసుకుంది. ఈ మూడూ మిశ్రసమాసాలే. ఒక్కొక్కటి ఆ దుంప ఏ దారిన ఆ సీమకు వచ్చిందో చెబుతుంది.

ఇక బటాటా. కరీబియన్ దీవుల్లోని టైనో జాతివారు చిలగడదుంపను బటాటా అనేవారు. స్పెయినువారు, పోర్చుగీసువారు ఆ మాటను ఓడల్లో మోసుకుపోయారు. రెండు దుంపలకూ మధ్య పేరు తారుమారైంది. పోర్చుగీసువారి వెంట అది కొంకణ తీరం చేరి మరాఠీ, కొంకణి, గుజరాతీ భాషల్లో బంగాళాదుంపకు పేరుగా నిలిచింది. ఇంగ్లీషు పొటాటో కూడా ఆ మాట సంతానమే. కాన్వెంటు బడిలో పొటాటో అన్న పిల్లవాడు సిగ్గుపడడు. ఇంట్లో బటాటా అన్న పిల్లవాడు సిగ్గుపడతాడు. రెండూ ఒకే తల్లి బిడ్డలని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

ఈ మాట తెలుగు ఇళ్లలోకి ఎప్పుడు వచ్చి ఉంటుందో తెలియాలంటే బొంబాయిలో తెలుగువారి చరిత్ర కొంత చూడాలి. సముద్రపు పోటునీరు దీవుల మధ్యకు రాకుండా ఆపిన హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట 1784లో పూర్తయింది. దానితో బైకుల్లా, తాడ్‌దేవ్, మహాలక్ష్మి ప్రాంతాల పల్లపు నేల నివాసయోగ్యమైంది. 1795 మొదలు అక్కడ కుదురుకున్న కట్టుబడి కూలీలు తెలుగువారు. వారిని బొంబాయిలో కామాఠీలు అన్నారు. వారి పేటే కామాఠీపుర. ఈనాటి పత్రికలకు ఆ పేట ఒక్క కారణానికే తెలుసు. ఈ మహానగరం గోడలు లేపినవారి తొలి వాడల్లో అది ఒకటి అన్న సంగతి అక్కడి తెలుగు పిల్లలకు సైతం తెలియకపోవడం విచారకరం. తరువాత నూలుమిల్లులు వచ్చాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు సీమల నుంచి పద్మశాలీలు మిల్లుల్లో పనికి వచ్చి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో చేరారు. 1920లలో ప్రభుత్వం కట్టించిన బి.డి.డి. చాళ్లలో ఒక్కో కుటుంబానికి దక్కినది 160 చదరపు అడుగుల గది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె ఆ జీవితాన్ని తలకిందులు చేసింది.

తొలితరం కామాఠీలు ఊరు విడిచేనాటికి ఈ దుంప తెలంగాణ పల్లెల వంటింటికి చేరలేదు. వారు దీన్ని మొదట చూసినది బొంబాయి సంతలోనే అనుకోవడం సమంజసం. కనుక కామాఠీపుర తెలుగులో బటాటా ఏ తెలుగు మాటనూ తోసివేసి కూర్చున్నది కాదు. అక్కడ ఆ వస్తువుకు అదే మొదటి పేరు. తరువాత వచ్చిన మిల్లు కార్మికులు ఆలుగడ్డను వెంట తెచ్చుకున్నారు. అందుచేతనే నేటికీ ఒకే ఇంట్లో నాయనమ్మ ఆలుగడ్డ, మనుమడు బటాటా అనడం వింటాము. ధారావిలో తెలుగువారి పక్కన తిరునల్వేలి తమిళులు ఉన్నారు. ఉర్లగడ్డకు మూలమైన మాట అక్కడ పొరుగింటి గడపలోనే వినిపిస్తుంది.

ఇప్పుడు పొయ్యి సంగతికి వస్తాము. ఒక్క గదిలో వంట, పడక, చదువు జరిగే చాళ్లలో వంటచెరకుకు చోటు లేదు. తొలినాళ్లలో ఉన్నది బొగ్గుల కుంపటి. చాళ్లలో దాన్ని శెగడీ అంటారు. అన్నం, పప్పు దించాక అడుగున నిప్పు మిగిలేది. నివురు కప్పిన ఆ నిప్పులో వంకాయనో, ఉల్లిగడ్డనో, దుంపనో పూడ్చిపెట్టి కాల్చుకోవడం పల్లె అలవాటు. పల్లెలో చిలగడదుంపకు చేసిన పనే పట్నంలో బటాటాకు చేశారు. తెలంగాణలో కందగడ్డ అనే ఆ చిలగడదుంప కూడా అమెరికా నుంచి వచ్చినదే కావడం విశేషం. బొగ్గుల తరువాత రేషను కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. 1950ల నడుమ బొంబాయిలో మొదలైన వంటగ్యాసు దశాబ్దాల మీద చాళ్లకు చేరింది. పొగ పోయింది, ఆడవారి కళ్లు తెరిపిన పడ్డాయి. దీన్ని ఎవరూ కాదనరు. కాని గ్యాసు మంట ఆర్పితే నిప్పు మిగలదు. వంకాయను మంట మీద పది నిమిషాల్లో కాల్చవచ్చు. దుంపను అలా పెడితే తోలు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. దానికి కావలసినది అన్నివైపుల నుంచి చాలాసేపు తగిలే సెగ. అది లేక, కాల్చిన దుంప రెండు తరాలపాటు చాళ్లలో కనబడలేదు. ఉడికించిన కూర, వేపుడు, వీధిలో బటాటా వడ మిగిలాయి. వీధిలో కూడా నిప్పు తగ్గుతున్నది. కట్టె, బొగ్గు వాడే బేకరీలు గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనాలకు మారాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు గడువు పెట్టింది.

ఈ నడుమ వచ్చినది ఎయిర్ ఫ్రయర్. ఫిలిప్స్ సంస్థ దీన్ని 2010లో బెర్లిన్ ప్రదర్శనలో లోకానికి చూపింది. పెట్టె పైభాగాన విద్యుత్తుతో వేడెక్కే తీగచుట్ట, దాని మీద పంకా, కింద చిల్లుల బుట్ట ఉంటాయి. పంకా వేడిగాలిని వడిగా తిప్పుతుంటే అది దుంపను అన్నివైపులా తాకుతుంది. మేము చూసిన పద్ధతి ఇది. సుమారు 200 గ్రాముల దుంపను తోలు తీయకుండా కడిగి, తడి లేకుండా తుడిచి, ఆరేడు చోట్ల ముల్లుచెంచాతో పొడవాలి. ఆ చిల్లుల గుండా ఆవిరి పోతుంది. చెంచాడు నూనె, ఉప్పు పట్టించి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నిమిషాలు ఉంచి, సగంలో ఒకసారి తిప్పాలి. దుంపలో దాదాపు 80 శాతం నీరే. ఆ నీటితోనే లోపలి పిండి ఉడికి పొడిపొడిగా విచ్చుకుంటుంది. పైన తడి ఆరి తోలు ఎర్రబారి పెళుసెక్కుతుంది. నివురులో జరిగినదీ ఇదే. తేడా ఒక్కటి: ఇందులో బూడిద వాసన లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ యంత్రాలు సాధారణంగా 1,400 వాట్లు, అంతకు పైన విద్యుత్తు లాగుతాయి. పాత చాళ్లలోని 5 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 1,150 వాట్లే. కనుక తీగలు మార్పించనిదే అక్కడ దీన్ని వాడరాదు. వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానంలో లేచిన భవనాల్లో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. వంటకు విడిగా గది ఉన్న అటువంటి ఇళ్లలో ఈ సమస్య రాకపోవచ్చు.

మా విద్యార్థి ఒకరు కామాఠీపురలోని తమ ఇంట్లో ఈ యంత్రంతో దుంప కాల్చి మాకు పెట్టారు. పాలమూరు నుంచి కోడలిగా వచ్చిన వారి నాయనమ్మ పక్కనే కూర్చుని చూస్తున్నారు. దీన్ని ఏమంటారమ్మా అని అడిగాము. "దాని పేరు నాకేం ఎర్క సారూ, పోరడు తెచ్చిండు. గిది గోలిచ్చుడు గాదు, కాల్చుడే. మా అమ్మ బూడిదల కాలుస్తుండె" అన్నారామె. మనుమడు ఎల్లిపాయ కారం, నెయ్యి తెచ్చి విప్పిన దుంప మీద వేశారు.

ఆ ఒక్క జవాబులో మా శాస్త్రానికి పనికివచ్చే విషయం ఉన్నది. నూనెలో వేయించడానికి తెలంగాణలో గోలించు, కోస్తాలో వేపు, వేయించు అంటారు. యంత్రం పేరులోని ఫ్రయర్ అన్న మాటకు అర్థం వేయించేది అని. కాని అందులో జరిగేది వేయించడం కాదు. అది చిన్న ఆవం. మూసిన చోట వేడి చుట్టుముట్టి కాల్చడమే దాని పని. ధారావి కుంభార్‌వాడలో సౌరాష్ట్ర కుమ్మరులు కుండలు కాల్చేది కూడా చుట్టుముట్టిన వేడితోనే. అంగడిలో పెట్టిన పేరు పొరపాటుదైనా, చదువుకోని ఆ తల్లి వాడిన క్రియ సరైనది.

ఒక భాష మరొక భాష నుంచి నామవాచకాలను తేలికగా తీసుకుంటుంది, క్రియలను అంత తేలికగా తీసుకోదు అని భాషాశాస్త్రంలో తెలిసిన విషయమే. కామాఠీపురలో విన్న 'బటాటా కాల్చిన' అన్న చిన్న వాక్యాన్ని చూడండి. నామం అట్లాంటిక్ దాటి, పోర్చుగీసు, మరాఠీల మీదుగా వచ్చింది. క్రియ మాత్రం పాలమూరు పొయ్యి దగ్గరిది. కాలు, కాల్చు అనే జంటలో ప్రేరణార్థక ప్రత్యయం సహా వ్యాకరణం చెక్కు చెదరలేదు. రెండు శతాబ్దాల మరాఠీ సహవాసం తరువాత కూడా ఆ ఇంట్లో మరాఠీ భాజణే ప్రవేశించలేదు. అది తెలుగు వాక్యం కాక మరేమిటి?

భద్రిరాజు కృష్ణమూర్తిగారి పూనికతో వచ్చిన మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు, సాలె నోటి మాటకు గ్రంథగౌరవం కలిగించిన మహత్కార్యమది. ఆ పని ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జరిగింది. మగ్గం విడిచి బొంబాయి మిల్లుకు వచ్చిన సాలె మాటలను, తాపీ పట్టి వచ్చిన కామాఠీ మాటలను అటువంటి శ్రద్ధతో ఏరవలసిన బాధ్యత ఇక్కడి మనదే. గడువు ఎక్కువ లేదు. ముంబై మహానగరపాలిక ఎనిమిది మాధ్యమాల్లో నడిపే బడుల్లో తెలుగు ఒకటి. ఆ మాధ్యమంలో పిల్లలు తగ్గుతూ వస్తున్నారు. చాళ్లు కూలి, అంతస్తులు లేస్తున్నకొద్దీ ఒకే వసారాలో వినిపించిన మాటలు వేరువేరు తలుపుల వెనక్కు పోతున్నాయి.

కనుక మన విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాము. ఈ సెలవుల్లో మీ ఇంటి పెద్దలను వంటింట్లోనే కూర్చోబెట్టి అడగండి. ప్రతి వస్తువు పేరూ, దానితో చేసే పనికి వాడే క్రియా వేరువేరుగా రాసుకోండి. పేరు ఏ సంత నుంచి వచ్చిందో, క్రియ ఏ ఊరి నుంచి వచ్చిందో పక్కన గుర్తించండి. మొదటి పుటలో మొదటి మాటగా, తడబడకుండా, బటాటా అని రాయండి.