ఒక్క మాటకు రెండర్థాలు – మణుగూరు భారజలం



మా పినపాక నుండి మణుగూరు మీదుగా అశ్వాపురం వెళ్ళేవారికి గౌతమీనగర్ వద్ద భారజల కర్మాగారం కనబడుతుంది. గోదావరి నీటిలో సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున దాగియుండే డ్యుటీరియమును ఇక్కడ వేరుచేస్తారు. 1991లో మొదలైన దీని సామర్థ్యం సాలుకు 185 టన్నులు. ఇక్కడనే ఎందుకు వెలసినదంటే నదీజలం, సింగరేణి బొగ్గు అని చెప్పవచ్చు. అది సగం సమాధానమే. తక్కిన సగం ఒక శబ్దార్థ వివాదం. పండితపు చదువు చదివినవాణ్ణి గనుక నా మనసు అక్కడే ఆగింది.

1956లో కెనడా మనకు ‘సైరస్’ రియాక్టరు ఇచ్చింది, అమెరికా దానికి భారజలం అమ్మింది. ‘శాంతియుత ప్రయోజనాలకే’ అన్నది షరతు. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిగిన విస్ఫోటనానికి సైరస్ ప్లుటోనియమే ఆధారం. అది శాంతియుతమేనని మనవారు, విస్ఫోటనం ఎన్నటికీ శాంతియుతం కాజాలదని కెనడావారు. రాసుకున్నది ఒకే పదం, తాత్పర్యాలు రెండు! కెనడా వెంటనే సహకారం ఆపి, 1976లో పూర్తిగా తెంచుకున్నది. రాజస్థాన్ రెండవ రియాక్టరును మనవారే పూర్తిచేసుకోవలసివచ్చింది.

అణు సరఫరాదారుల బృందం పుట్టినది ఈ ఘట్టం వల్లనే. 1978లో ప్రకటితమైన దాని నియమావళి ఆ సందిగ్ధతకు తావివ్వలేదు. ఏ విస్ఫోటన పరికరానికీ వాడరాదని కొనే దేశం స్పష్టంగా మాట ఇవ్వాలి, అనుమతి లేక మూడవవారికి మళ్ళించరాదు. భారజల కర్మాగారపు పరిజ్ఞానం పొందితే, నిర్ణీత కాలంలో అదే తరహాలో స్వయంగా కట్టుకున్న వాటికీ తనిఖీ వర్తిస్తుంది. నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది ఇదే: అమ్మినది యంత్రమైనా, షరతు విద్యను వెంబడిస్తుంది.

ఇది రాజ్యాల మధ్య మాట కదా, కంపెనీల ఒడంబడికలో ఎలా చొరబడుతుంది? ఎగుమతి అనుమతి అనే ద్వారం గుండా. విక్రేత తన ప్రభుత్వపు లైసెన్సు లేక సరకు కదల్చలేడు. కనుక తుది వినియోగం, పునర్బదిలీ, తనిఖీ షరతులను కొనుగోలుదారు చేత ముందే రాయించుకుంటాడు. లైసెన్సు రాకుంటే ఎవరి బాధ్యత ఎంతో కూడా అందులోనే తేలుతుంది. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షను ప్రకారం కూడా, తరువాత చట్టవిరుద్ధమైపోయిన పనికి కుదిరిన ఒప్పందం చెల్లదు.

బరోడా, తూత్తుకుడి కర్మాగారాలకు ఫ్రెంచివారితో, తాల్చేరుకు జర్మనులతో ఒప్పందాలు ఈ నియమాలకు మునుపే కుదిరాయి. కోటాలో స్వదేశీ పద్ధతిని తలపెట్టినదీ 1974కు ముందే. కాబట్టి మణుగూరును కేవలం ఆంక్షల బిడ్డ అనడం అతిశయోక్తి. కానీ ఆ తరువాత పరదేశపు పరిజ్ఞానం కొనడమంటే తనిఖీని కూడా కొనడమే. కోటాలో నేర్చిన విద్యనే గోదావరి గట్టున పెద్దదిగా చేశారు.

2008లో ఆ బృందమే మనకు మినహాయింపు ఇచ్చింది. మనం భారజలం అమ్మేవారమూ అయ్యాము. కొరియా, అమెరికాలు కొన్నాయి. 2005 నాటి చట్టం, ‘స్కోమెట్’ జాబితా ప్రకారం ఇప్పుడు కొనేవారి నుండి తుది వినియోగ పత్రం పుచ్చుకునేది మనమే.