విజయనగర కవి – బందరు పత్రిక

ఆధునికాంధ్ర సాహిత్యారంభమును గూర్చి చర్చించునపుడు మనము కవుల ప్రతిభను కొనియాడుదుమే కాని, వారి రచనలను అచ్చున కెక్కించినవారి కృషిని తగినంతగా గుర్తింపము. గురజాడ అప్పారావుగారి (1862–1915) రచనలు వెలువడిన క్రమమును పరిశీలించినచో ఈ లోపము స్పష్టపడును.

అప్పారావుగారు విజయనగర సంస్థానము నాశ్రయించినవారు. 1892లో ప్రదర్శింపబడిన 'కన్యాశుల్కము' 1897లో గ్రంథరూపమున వెలువడి ఆనందగజపతి మహారాజుగారికి అంకితమయ్యెను. నాటకము వాడుకభాషలో నున్నను, అది లోకమునకు వచ్చిన మార్గము మాత్రము ప్రబంధకవులు నడచినదే: కవి రచించును, ప్రభువు కృతి నందును. ఆ యేడే మహారాజుగారు స్వర్గస్థులైరి.

పదుమూడేండ్లకు మార్గము మారెను. 1910లో 'ముత్యాలసరములు', 'దిద్దుబాటు' రెండును బందరునుండి వెలువడిన 'ఆంధ్రభారతి' మాసపత్రికలో ప్రకటితములయ్యెను. పత్రికను నడపిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో జన్మించినవారు. అప్పటి కిరువదేండ్ల యువకులు. సంస్థానకవి నూతన చ్ఛందస్సునకు దూరపు పట్టణమందలి యువకుని పత్రిక వేదిక యయ్యెను.

ఇందు స్థలభేదము కంటె రూపభేదము ముఖ్యము. అంకితమునకు కావ్యమో నాటకమో కావలెను. మాసపత్రికకు కొలది పుటలలో ముగియు రచన చాలును. చిన్నగేయమునకును చిన్నకథకును మన భాషలో నిలువనీడ దొరకినది ఇట్టి పుటలలోనే యని మేము తలంచుచున్నాము. రూపము కవి మనస్సున పుట్టినదే. దానికి పాఠకులను చేకూర్చినది పత్రిక.

శ్రీకాకుళ ప్రాంతమున పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) విజయనగరమున అప్పారావుగారి సహాధ్యాయులు. వ్యావహారికభాషావాదమును వ్యాపింపజేయుటకై వారు 1919లో 'తెలుగు' అను పత్రికను తామే స్థాపించిరి. అది చిరకాలము నిలువకపోయినను, పండితుడే ప్రకాశకుడు కావలసిన యావశ్యకమును చాటినది. ఇది మన ప్రాంతమునకే పరిమితమైన విషయము కాదు. చీనాదేశమునను 1917లో హూ షీ చేసిన సాహిత్యసంస్కరణ ప్రతిపాదము 'నవయువత' అను పత్రికలోనే తొలుత వెలువడినది.

కావున పరిశోధక విద్యార్థులు సంపుటములతో తృప్తి నొందరాదు. ఏ రచన ఏ మాసమున, ఏ రచనల సరసన వెలువడినదో చూడవలెను. సంపుటము ఈ సంబంధమును తెంచివేయును. వెంకటరమణయ్యగారు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ స్థాపనకు పూనుకొనుట యాదృచ్ఛికము కాదని మా యభిప్రాయము. అచ్చైనది చదువరి చేతికి చేరవలెను, భద్రముగ నిలువవలెను. పాతసంచికలు శిథిలమైనచో మనకు మిగులునది గ్రంథముల చరిత్రయే కాని, సాహిత్యచరిత్ర కాదు.