ప్రొపెల్లర్ మధ్య నుంచి తూటా: తొలి ఫైటర్ విమానాలు ఎలా పుట్టాయి?

టెన్నిస్ చూసేవాళ్లకు రోలాండ్ గారోస్ అంటే ప్యారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే స్టేడియం. ఆ పేరు మాత్రం టెన్నిస్ ఆటగాడిది కాదు. 1913లో మధ్యధరా సముద్రాన్ని మధ్యలో ఎక్కడా దిగకుండా విమానంలో దాటిన ఫ్రెంచ్ పైలట్‌ది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, ఆయన తన విమానం ముందు భాగంలో మెషిన్ గన్ బిగించుకుని, తిరుగుతున్న ప్రొపెల్లర్‌లోంచే కాల్చి మూడు వారాల్లోపే మూడు జర్మన్ విమానాలను కూల్చాడు. ఇవాళ మనం ఫైటర్ జెట్ అని పిలిచేదాని మూలాలు వెతుకుతూ వెళ్తే ఆ ప్రొపెల్లర్ దగ్గరికే వస్తాం.

యుద్ధంలో విమానం వాడటం అంతకు నాలుగేళ్ల ముందే మొదలైంది. 1911లో ఇటలీ లిబియా కోసం ఉస్మానియా సల్తనత్ మీద యుద్ధానికి దిగినప్పుడు ఇటలీ పైలట్లు పైనుంచి శిబిరాలను చూసి వచ్చేవారు. ఆ ఏడాది నవంబర్ 1న జూలియో గావొట్టి అనే పైలట్ చేత్తో చిన్న చిన్న బాంబులు కూడా విసిరాడు. అక్కడ ఇటలీకి ఆకాశంలో ఎదురు విమానమే లేదు కాబట్టి విమానంతో విమానం కొట్టుకోవాల్సిన అవసరం రాలేదు. 1914లో యూరప్ యుద్ధం మొదలయ్యాక పరిస్థితి మారింది. రెండు వైపులా విమానాలున్నాయి. శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో చూసి వెళ్లే విమానాన్ని ఆపకపోతే కాసేపటికే కింద కందకాల్లో ఉన్నవాళ్ల మీద గుండ్లు పడతాయి. పైలట్లు పిస్తోళ్లు, రైఫిళ్లు పట్టుకుని ఎగిరారు కానీ ఊగుతూ పోయే విమానంలోంచి ఒక్కో తూటా కాలిస్తే తగిలేది తక్కువ.

మెషిన్ గన్ కావాలి. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు.

గురి కుదరాలంటే గన్ సూటిగా ముందుకు చూడాలి. అప్పుడు పైలట్ విమానాన్నే శత్రువు వైపు తిప్పితే చాలు, గురి దానంతటదే వస్తుంది. కానీ వేగంగా పోయే విమానాలకు ఇంజన్, ప్రొపెల్లర్ ముందే ఉంటాయి. ఆ ప్రొపెల్లర్ చెక్కది. తన తూటా తనకే తగిలి బ్లేడు విరిగితే పైలట్ పని అయిపోయినట్టే. అప్పట్లో పారాచూట్లు కూడా పైలట్లకు ఇవ్వలేదు.

బ్రిటన్‌లో వికర్స్ కంపెనీ యుద్ధానికి ముందే ఒక దారి వెతికింది. ఇంజన్‌ను వెనక్కి పెట్టి, ముందు భాగాన్ని గన్‌కు వదిలేసింది. దానికి పెట్టిన పేరే 'ఎక్స్‌పెరిమెంటల్ ఫైటింగ్ బైప్లేన్', అంటే ప్రయోగాత్మక పోరాట విమానం. 1913 ఫిబ్రవరిలో లండన్ ఒలింపియా ప్రదర్శనలో జనం దాన్ని చూశారు. తర్వాత పరీక్షలో అది కూలిపోయింది. కంపెనీ వదల్లేదు, మార్చుకుంటూ పోయి 'గన్‌బస్' తయారుచేసింది. 1915 జులైలో ఈ గన్‌బస్‌లతోనే బ్రిటన్ 11వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరింది. లోపం ఒక్కటే, కానీ పెద్దది: వేగం గంటకు 110 కిలోమీటర్ల చుట్టుపక్కలే. ఇంజన్ వెనకుంటే తోకను పట్టుకోవడానికి బోలెడు కడ్డీలు, తీగలు కావాలి. అవన్నీ గాలికి అడ్డం.

ఇక 1915లో వచ్చిన ఇంకో ప్రయోగం గురించి చదివితే దీన్ని ఎవరు ఒప్పుకున్నారా అనిపిస్తుంది. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారం తయారుచేసిన బి.ఇ.9లో ఇంజన్ ముందే ఉంది, ప్రొపెల్లర్ ముందే ఉంది. ఆ ప్రొపెల్లర్‌కు కూడా ముందు ఒక చెక్క పెట్టె బిగించి అందులో గన్ పేల్చేవాణ్ని కూర్చోబెట్టారు! అతని వీపు వెనకే ప్రొపెల్లర్ తిరుగుతుంటుంది. పైలట్‌తో మాట్లాడటానికి దారి లేదు. దిగేటప్పుడు విమానం ముందుకు ఒరిగితే నేలకూ ఇంజన్‌కూ మధ్య నలిగేది అతనే. పెట్టె ఆకారం చూసి సైనికులు దానికి 'పల్పిట్' అని, అంటే చర్చిలో పాదిరి నిలబడే పీఠమని పేరు పెట్టారు. ఒక్కటే తయారైంది. ఫ్రాన్స్‌లో పరీక్షించి, పనికిరాదని తేల్చి వెనక్కి పంపేశారు. ఫ్రెంచ్ స్పాడ్ కంపెనీ కూడా అలాంటిదే ఎ.2 పేరుతో తయారుచేసింది. అవి వందకు దగ్గరగా తయారయ్యాయి, సగానికి పైగా రష్యాకు వెళ్లాయి.

గన్‌ను పై రెక్క మీద పెట్టి ప్రొపెల్లర్ పైనుంచి కాల్చడం మరో ఉపాయం. ఇది కొంత పనిచేసింది. కానీ తూటాల డ్రమ్ము మార్చాలంటే పైలట్ సీట్లోంచి లేచి నిలబడాలి. 1915 మేలో లూయిస్ స్ట్రేంజ్ అనే బ్రిటిష్ పైలట్ అలా లేచి, బిగుసుకుపోయిన డ్రమ్మును లాగుతుండగా విమానం తలకిందులైంది. మనిషి ఆ డ్రమ్మును పట్టుకునే గాల్లో వేలాడాడు. క్షణం ముందు వరకు ఊడిరావట్లేదని లాగిన డ్రమ్ము ఇప్పుడు ఊడకపోవడమే అతని ప్రాణం నిలబెట్టింది. కాళ్లతో తడుముకుంటూ ఎలాగో లోపలికి దూరి విమానాన్ని సరిచేసుకున్నాడు.

గారోస్ చేసింది ఇంకా మొండి పని. ప్రొపెల్లర్ బ్లేడ్ల మీద, తూటా తగిలే చోట ఉక్కు ముక్కలు బిగించాడు. ఎక్కువ తూటాలు బ్లేడ్ల మధ్య ఖాళీలోంచి పోతాయి, తగిలినవి ఉక్కు మీద జారి పక్కకు పోతాయి. ప్రతి దెబ్బా ప్రొపెల్లర్‌ను, ఇంజన్‌ను అదరగొడుతుంది, అయినా పని జరిగింది. 1915 ఏప్రిల్ 18న ఆయన విమానం జర్మన్ల వైపు దిగాల్సి వచ్చింది. తగలబెట్టబోయాడు కానీ పూర్తిగా కాలలేదు. ఆ ఉక్కు ముక్కలు జర్మన్ల చేతికి చిక్కాయి.

అక్కడ జర్మన్ సైన్యానికి విమానాలు తయారుచేసి ఇస్తున్న డచ్చి యువకుడు ఆంథొనీ ఫోకర్ రంగంలోకి వచ్చాడు. ఆయన కంపెనీ ఇచ్చిన జవాబు గారోస్ పద్ధతికి పూర్తిగా వేరు. తూటా బ్లేడుకు తగిలాక ఏం చేయాలని కాదు, అసలు తగలకుండా చేయడం. ఇంజన్‌తో పాటు తిరిగే ఒక చక్రం మీద చిన్న ఉబ్బు ఉంటుంది. అది ఒక కడ్డీని నెడితే ఆ కడ్డీ గన్ ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. అంటే పైలట్ మీట నొక్కితే 'కాల్చవచ్చు' అని అనుమతి ఇచ్చినట్టు మాత్రమే. ఎప్పుడు కాల్చాలో ఇంజన్ చెబుతుంది. నిమిషానికి 1200 సార్లు తిరిగే రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ అయితే గన్ ముందు నుంచి సెకనుకు 40 సార్లు బ్లేడు దాటుతుంది. గన్ పేలేది సెకనుకు సుమారు 10 సార్లు. ఆ పదీ సరైన సందులోనే పడాలి.

ఈ ఆలోచన ఫోకర్‌ది కాదు. 1913లోనే జర్మనీలో ఫ్రాంజ్ ష్నైడర్ పేటెంట్ తీసుకున్నాడు. 1914లో ఫ్రాన్స్‌లో రేమాండ్ సోల్నియే పరీక్షలు కూడా చేశాడు. అతని చిక్కు తూటాలతో వచ్చింది. మందు నాణ్యత సరిగా లేక కొన్ని తూటాలు రెప్పపాటు ఆలస్యంగా పేలేవి. ఆ రెప్పపాటులో బ్లేడు ఎదురొచ్చేది. గారోస్ వాడిన ఉక్కు ముక్కలు ఆ ఇబ్బందికి జాగ్రత్తగా పుట్టినవే. ష్నైడర్ తర్వాత ఫోకర్ మీద కేసు వేశాడు. కోర్టులు ష్నైడర్ పక్షానే తీర్పులిచ్చినా ఫోకర్ రాయల్టీ కట్టలేదు. పేటెంట్ కాగితం ఒకరి దగ్గర, డబ్బూ పేరూ ఇంకొకరి దగ్గర.

1915 జులై 1న కుర్ట్ వింట్‌గెన్స్ ఈ పరికరం ఉన్న ఫోకర్ ఒంటి రెక్కల విమానంతో తొలి విజయం సాధించాడు. ఆ విమానం గొప్ప వేగం కలది కాదు, తయారైనవీ కొన్నే. అయినా ఆ చలికాలమంతా బ్రిటిష్, ఫ్రెంచ్ నిఘా విమానాలకు అది యముడైంది. 1916 జనవరి 14న బ్రిటిష్ వైమానిక దళం ఉత్తర్వు ఇచ్చింది: నిఘాకు వెళ్లే ఒక్క విమానానికి కనీసం మూడు పోరాట విమానాలు తోడు వెళ్లాలి. ఒకరు చేసే పనికి నలుగురు! రహస్యం బయటపడకూడదని జర్మన్లు మొదట్లో ఈ విమానాన్ని శత్రు భూభాగం మీదికి పోనివ్వలేదు. చివరికి 1916 ఏప్రిల్‌లో దారి తప్పిన ఒక జర్మన్ పైలట్ దాన్ని తిన్నగా బ్రిటిష్ వాళ్ల దగ్గరే దింపాడు.

పరికరం మాత్రం నమ్మకస్తురాలు కాదు. కడ్డీలు అరిగేవి, లెక్క తప్పేది. ఫోకర్ మీద పేరు తెచ్చుకున్న మాక్స్ ఇమ్మెల్‌మన్ 1916 జూన్ 18న కూలి చనిపోయాడు. తామే కూల్చామని బ్రిటిష్ వాళ్లు అన్నారు. గన్ లయ తప్పి సొంత ప్రొపెల్లర్‌నే కోసేసిందని జర్మన్లు అన్నారు. ఆ వాదన నేటికీ తెగలేదు.

బ్రిటన్‌కు నిజమైన పరిష్కారం రుమేనియా ఇంజినీర్ జార్జ్ కాన్‌స్టాంటినెస్కో ఇచ్చాడు. కడ్డీలు తీసేసి, నూనె నింపిన సన్నని గొట్టంలో ఒత్తిడి తరంగాన్ని పంపి గన్‌ను పేల్చాడు. అరిగే కడ్డీ లేదు, ఏ ఇంజన్‌కైనా బిగించుకోవచ్చు. 1917 మార్చి నుంచి ఇది యుద్ధంలోకి వచ్చింది.

ఆ పరికరానికీ హైదరాబాద్‌కూ ఒక సంబంధం ఉంది. 1918లో బ్రిటన్ 110వ స్క్వాడ్రన్‌కు మొదటి డి.హెచ్.9ఎ విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా వచ్చాయి. అవి ఫైటర్లు కావు, బాంబర్లు. కానీ వాటిలోనూ పైలట్ గన్ ప్రొపెల్లర్ మధ్య నుంచి పేలేది కాన్‌స్టాంటినెస్కో పద్ధతిలోనే. ప్రతి విమానం మీదా నిజాం కానుక అని రాసి ఉండేది, ఆ దళానికే 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అన్న పేరు వచ్చింది. వాటిలో ఒకటి 1918 అక్టోబర్‌లో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌కు చేరి, 1977లో బ్రిటన్‌కు తిరిగొచ్చింది. ఇప్పుడు అక్కడి రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

గారోస్ జర్మన్ల చెర నుంచి 1918 ఫిబ్రవరిలో తప్పించుకుని మళ్లీ విమానం ఎక్కాడు. అక్టోబర్ 5న, 30 ఏళ్లు నిండటానికి ఒక్క రోజు ముందు, గాలిలో జరిగిన పోరులో చనిపోయాడు. యుద్ధం ముగియడానికి ఇంకా ఐదు వారాలే ఉంది.