కడలిపై మంచె



అరకులోయలో ముప్పదియైదేండ్లు చరిత్ర బోధించి విశ్రాంతి పొందినవాడను నేను. మొన్నటి చలికాలమున, వలిసెపూలు కొండవాలులనెల్ల పసుపుపచ్చ చేసిన దినములలో, సంతయందు నా పాత శిష్యుడొకడు కనబడెను. అతని పెద్దకుమారుడును నాయొద్ద చదివినవాడే. ఇప్పుడు నౌకాదళమున నావికుడు.

“మేష్టరుగారూ! మావాడు కొలువున చేరి ఆరేండ్లయినది. ఒక్క యుద్ధమైనను చేయలేదు. గస్తీఓడలో కావలి తిరుగుచున్నాడట. కావలి కాయుటకు మాకిక్కడ మంచె లేదా? చిన్నవాడును అందే చేరుదునని పట్టుపట్టుచున్నాడు. పంపుదునా, మాన్పుదునా?” అని అతడడిగెను.

ఆ ప్రశ్న నన్ను నొప్పించినది. ఏలయన దానిని నేర్పినవాడను నేనే. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసిన కథను తరగతిలో చెప్పితిని. 1971 డిసెంబరులో గాజీ జలాంతర్గామి విశాఖ వాకిట మునిగిన కథను ఏటేట చెప్పితిని. కావలివాని కథ మాత్రము ఒక్కనాడును చెప్పనైతిని. ఆ లోపమును నేడు దిద్దుకొనుచున్నాను.

1976లో మన పార్లమెంటు ఒక శాసనము చేసినది. తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వరకు, అనగా సుమారు 370 కిలోమీటర్ల దూరము, సముద్రసంపదపై మనకు హక్కు కలదని ఆ శాసనము చాటినది. అరకునుండి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు గదా. దానికి మూడింతలకు మించిన దూరమన్నమాట. అంతకు రెండేండ్లకు ముందే బొంబాయి తీరమునకావల నడిసంద్రమున చమురు బయల్పడినది. చేను పెరిగినది, పంట పండినది; ఇక కావలి కావలసివచ్చినది. 1977లో తీరరక్షకదళ మేర్పడినది. నౌకాదళమును తనకై గస్తీనౌకలను సమకూర్చుకొన్నది.

అట్టివానిలో సుకన్య, సుభద్ర, సువర్ణ అను మూడును దక్షిణ కొరియాలో నిర్మింపబడినవి. సుకన్య 1989లో కొలువున ప్రవేశించెను. తరువాతి నాలుగు నౌకలు, సావిత్రి, శారద, సుజాత, సరయు అనునవి, మన విశాఖలోనే, హిందుస్థాన్ షిప్‌యార్డులో రూపొందినవి. 1941లో సింధియా కంపెనీవారు శంకుస్థాపన చేయించి, 1948లో జలఉష అను నౌకను నీట దింపిన నౌకాశాల యిదియే. ఆ నాలుగింటిలో సరయు 2000లో శ్రీలంకకు ఈయబడి ‘సయుర’ అను పేరు దాల్చినది. సింహళభాషలో సయుర యనగా సముద్రము. నది సముద్రమైనదని మావంటి పండితులు సంతసింతురు.

ఈ నౌకలు సుమారు 101 మీటర్ల పొడవుగలవి. పెద్ద యుద్ధనౌకలవలె క్షిపణులు మోయుట వీని పనికాదు. ముందువైపున ఒక ఫిరంగి, కొన్ని మరతుపాకులు, వెనుకవైపున చేతక్ హెలికాప్టరు దిగుటకు తావు, దరికి పోవుటకు మోటారు పడవలు, ఇవియే వీని సామగ్రి. మంచెపైనున్నవాడు వేటకాడు కాడు. వానికి వడిసెల చాలును. ముఖ్యముగా కావలసినది నిద్రపోని కన్ను, చాలకాలము నిలువగల ఓపిక.

పెద్ద యుద్ధనౌకలో మున్నూరుమందికి మించి యుందురు. గస్తీనౌకలో నూరు నూటయేబదిమంది నడుమ. సాధారణముగా కమాండరు హోదాగల యధికారి దానికి నాయకుడు. అతని తరువాతివాడు ఓడలోని క్రమశిక్షణను, దినచర్యను చూచును. ఒకడు త్రోవ నిర్ణయించును. ఒకడు యంత్రములకు, ఒకడు విద్యుత్తునకు బాధ్యుడు. చుక్కాని పట్టువారు, రాడారు చూచువారు, వార్తలు పంపువారు, వైద్యసహాయకుడు, వంటవారు వేరు. జనము కొద్ది గనుక ఒక్కొక్కడు రెండుమూడు పనులు నేర్వవలెను. నిప్పంటుకొన్నచో వంటవాడును గొట్టము పట్టును. అనుమానపు ఓడ కనబడినచో, అంతవరకు త్రాళ్లు చుట్టుచున్నవాడే తుపాకి ధరించి, పడవలో పోయి, దానిపై కెక్కి సోదా చేయును. మా బాలుడు యంత్రశాలలో పనిచేయును. సముద్రము నడుమనుండియు, తన వంతు ముగియువరకు సముద్రమును చూడడు!

ఈ కావలివలన ఫలమేమి? 2015 మార్చి 31వ తేదీన సుమిత్ర యను గస్తీనౌక, యుద్ధాగ్నిలోనున్న ఏడెన్ రేవున ప్రవేశించి, 349 మంది భారతీయులను ఎక్కించుకొని జిబూతీ చేర్చినది. తన సిబ్బందికి రెండింతలకు మించిన జనమది. ఆ సుమిత్రయే 2024 జనవరిలో, సోమాలియా తీరమునకు దూరముగా, 36 గంటలలోపల రెండు చేపలపడవలను సముద్రపు దొంగలనుండి విడిపించినది. ఒకదానిలో 17 మంది ఇరాన్ దేశీయులు, రెండవదానిలో 19 మంది పాకిస్థానీయులు. 2021లో మహమ్మారి కాలమున మన సావిత్రి విశాఖనుండి రెండు ప్రాణవాయు యంత్రములను చిట్టగాంగునకు కొనిపోయినది. యమునినుండి ప్రాణము మరలించినదాని పేరు పెట్టుకొన్నందులకు తగినపనియే గదా!

2016 ఫిబ్రవరిలో విశాఖయందు జరిగిన అంతర్జాతీయ నౌకాసమీక్షకు పిల్లలను రైలులో గొనిపోయితిని. రాష్ట్రపతి ఎక్కిన నౌక సుమిత్రయే. “ఇన్ని పెద్ద ఓడలుండగా చిన్నదాని నెక్కిరేమి?” అని ఒక బాలుడడిగెను. నాకు సమాధానము తోచలేదు. వాడే నేటి నావికుడు.

ఈ సంగతులెల్ల సంతలో చింతచెట్టు క్రింద కూర్చుండి వాని తండ్రికి చెప్పితిని. అడవిపంది రాని రాత్రి మంచె కావలి వ్యర్థమా యని యడిగితిని. అతడు చాలసేపు పలుకలేదు. చోళ్లచేనిలో ఎన్నో రాత్రులు మేల్కొన్నవాడు గనుక, పిదప ఒక్కటే యడిగెను: “నడిరేయి వంతు ఎప్పుడును ఒక్కనికే పడునా?”

పడదని చెప్పితిని. వంతు నాలుగు గంటలు. కాని సాయంకాలము 4 మొదలు 8 వరకు గల కాలమును మాత్రము రెండుగా చీల్తురు. అందుచేత దినమునకు ఏడు వంతులగును. మూడు జట్లున్నచో ఏ జట్టు వంతు ఏనాటికానాడు మారుచుండును.

అతడు నవ్వి, “అది న్యాయము. మా యింట నడిరేయి కావలి ముప్పదియేండ్లుగా నాదే,” అనెను.

మరుసటి వారము, దరఖాస్తు నింపించుటకు చిన్నవానిని నాయొద్దకు పంపెను.